‘ఇంగ్’ ఎప్పుడు పెట్టాలి, ఎప్పుడు వదలాలి

‘మై ఫాదర్ ఈజ్ డూయింగ్ బిజినెస్. ఐ యామ్ హ్యావింగ్ వన్ సిస్టర్. వి ఆర్ స్టేయింగ్ ఇన్ గుంటూరు సిన్స్ టెన్ ఇయర్స్.’ ఉద్యోగం ఇంటర్వ్యూకు సిద్ధమయ్యే పిల్లలు తమను పరిచయం చేసుకోమంటే మూడు వాక్యాలకూ మూడు ‘ఇంగ్’లు తగిలిస్తారు. బ్రాడీపేటలో సాయంత్రాలు ఇంగ్లీషు చెబుతాను కాబట్టి ఈ వరస నాకు కంఠస్థం. వాళ్లకు వ్యాకరణం రాదని కాదు. సింపుల్ ప్రెజెంట్ సూత్రం, ప్రెజెంట్ కంటిన్యువస్ సూత్రం అడిగితే గడగడా అప్పజెబుతారు. ఏది ఎక్కడ వాడాలో తేల్చుకోవడం దగ్గరే ఆగిపోతారు.

‘ఎవ్రీడే’ కనిపిస్తే సింపుల్, ‘నౌ’ కనిపిస్తే కంటిన్యువస్ అన్న చిట్కా అందరికీ తెలిసిందే. పరీక్షలో ఖాళీలు పూరించడానికి అది చాలు. ఎదుటివారితో మాట్లాడేటప్పుడు వాక్యం చివర ‘నౌ’ అని ఎవరూ అచ్చువేసి ఇవ్వరు. పైగా ‘ఆల్వేస్’ ఉంటే సింపుల్ అని బట్టీ పట్టినవారు ‘హి ఈజ్ ఆల్వేస్ లూజింగ్ హిజ్ కీస్’ అన్న వాక్యం చూసి తప్పంటారు. అది తప్పు కాదు. ఎప్పుడు చూసినా తాళాలు పోగొట్టుకుంటాడన్న విసుగంతా ఆ ‘ఇంగ్’లోనే ఉంది. ఈ చిట్కాను పరీక్ష హాలులోనే వదిలేసి రండి.

ముందు మన భాష ఏం చేస్తోందో చూడాలి. ‘నాన్న వ్యాపారం చేస్తున్నారు’ అంటాం. ఆ మాట అనే సమయానికి ఆయన భోజనం చేస్తూ ఉండవచ్చు, అయినా వాక్యానికి లోటు లేదు. మన ‘చేస్తున్నారు’ కళ్లముందు జరిగే పనికీ, ఏళ్ల తరబడి సాగే వృత్తికీ సరిపోతుంది. ఇంగ్లీషు ‘ఇంగ్’కు అంత చోటు లేదు. మరోవైపు మన ‘చేస్తాను’ రోజూ చేసే పనికీ పనికొస్తుంది, రేపు చేయబోయే పనికీ పనికొస్తుంది. అందువల్ల తెలుగు క్రియ చివర చూసి ఇంగ్లీషు క్రియ చివర నిర్ణయిస్తే సగంసార్లు తప్పుతుంది.

అలాగని సింపుల్ ప్రెజెంట్ మనకు తెలియనిదేమీ కాదు. బడిలో తద్ధర్మార్థక వాక్యాలు చదువుకున్నాం కదా: ‘పక్షులు ఆకాశంలో ఎగురుతాయి’, ‘సూర్యుడు తూర్పున ఉదయిస్తాడు’. ఇప్పుడు జరుగుతోందా లేదా అన్నది అక్కడ లెక్కలోకి రాదు, స్వభావం ఏమిటన్నదే లెక్క. సింపుల్ ప్రెజెంట్ చేసే ముఖ్యమైన పని అదే. దానికి ‘ప్రెజెంట్’ అని పేరు తగిలించారు గానీ, ‘తద్ధర్మం’ అని పిలిస్తే మన పిల్లలకు సగం గందరగోళం తప్పేది.

కాబట్టి నోటికి వాక్యం వచ్చినప్పుడు ఒక ప్రశ్న వేసుకోండి. ఆ మనిషి ఈ క్షణాన నిద్రపోతున్నా ఈ మాట నిజమేనా? నాన్న నిద్రపోతున్నా దుకాణం ఆయనదే. అందుకే ‘మై ఫాదర్ రన్స్ ఎ కిరాణా షాప్’. ‘డూయింగ్ బిజినెస్’ అన్నదానికంటే ఇందులో సమాచారం కూడా ఎక్కువ. అమ్మ లెక్కల టీచరైతే ‘మై మదర్ టీచెస్ మ్యాథ్స్’. చివరి ‘ఎస్’ మింగేయకండి.

మరి అన్నయ్య గ్రూప్స్‌కు చదువుతున్నాడు. అతను నిద్రపోయినా ఆ మాట నిజమే, అయినా ‘మై బ్రదర్ ఈజ్ ప్రిపేరింగ్ ఫర్ గ్రూప్స్’ అనే అంటాం. ఇక్కడ రెండో ప్రశ్న కావాలి: దీనికి ముగింపు ఉందని మాట్లాడేవారు అనుకుంటున్నారా? గ్రూప్స్ చదువు జీవితాంతం సాగాలని ఎవరూ కోరుకోరు, ఫలితాలు ఎంత ఆలస్యమైనా సరే. తాత్కాలికమనుకుంటే ‘ఇంగ్’, స్థిరమనుకుంటే సింపుల్.

ఈ రెండో ప్రశ్నలో తప్పొప్పుల కంటే మీ ఉద్దేశానికే విలువ ఎక్కువ. ‘మై పేరెంట్స్ లివ్ ఇన్ నరసరావుపేట, బట్ ఐ యామ్ లివింగ్ ఇన్ అమీర్‌పేట్’ అన్న వాక్యం చూడండి. అమ్మానాన్నలది సొంత ఊరు, నాది కోర్సు అయ్యేదాకా హాస్టలు అని విడిగా చెప్పనక్కరలేకుండానే తెలిసిపోతుంది. అదే మనిషి ‘ఐ లివ్ ఇన్ అమీర్‌పేట్’ అన్నా ఒప్పే, కాకపోతే అక్కడ స్థిరపడ్డట్టు వినిపిస్తుంది. ఆఫీసులోనూ అంతే. ‘ఐ వర్క్ ఆన్ పేమెంట్స్’ అంటే అది మీ బాధ్యత. ‘ఐ యామ్ వర్కింగ్ ఆన్ పేమెంట్స్ దిస్ వీక్’ అంటే వచ్చే వారం మరొకటి. ‘వాట్ డు యు డూ?’ అని అడిగినవారికి మీ వృత్తి కావాలి. ‘వాట్ ఆర్ యు డూయింగ్?’ అని అడిగితే చేతిలో ఉన్న పని చెప్పాలి.

ఇక అసలు చిక్కంతా పని కాని క్రియలతో. తెలియడం, నమ్మడం, కావాలనుకోవడం, సొంతమై ఉండడం పనులు కావు, స్థితులు. వీటికి సాధారణంగా ‘ఇంగ్’ పడదు. మనం ‘అర్థమవుతోంది’, ‘వినిపిస్తోంది’, ‘కనిపిస్తోంది’ అంటాం కాబట్టి ‘ఐ యామ్ అండర్‌స్టాండింగ్’, ‘ఆర్ యు హియరింగ్ మి?’ అని నోటికి వచ్చేస్తాయి. ‘ఐ అండర్‌స్టాండ్’, ‘కెన్ యు హియర్ మి?’ అనండి. ‘ఐ యామ్ హ్యావింగ్ వన్ సిస్టర్’ నేరం మాత్రం తెలుగు మీద వేయలేం, దేశమంతటా వినిపించే మాట అది. చెల్లెలు ఉండడం స్థితి, కనుక ‘ఐ హ్యావ్ వన్ సిస్టర్’. ‘ఐ యామ్ హ్యావింగ్ లంచ్’ మాత్రం సరైనదే, ఎందుకంటే అక్కడ ‘హ్యావ్’ అంటే తినడం, అది పని. ఒకే క్రియ రెండు వేషాలు వేయడం మరికొన్నిచోట్లా ఉంది. ‘ఐ థింక్ హి ఈజ్ రైట్’ అభిప్రాయం, ‘ఐ యామ్ థింకింగ్ అబౌట్ ది ఆఫర్’ ఇంకా తెగని ఆలోచన. ‘ది బ్యాగ్ వేస్ ట్వంటీ కిలోస్’ బస్తా బరువు, ‘హి ఈజ్ వేయింగ్ ది బ్యాగ్’ తూకం వేసే మనిషి సంగతి.

ఈ మాట చెప్పగానే తరగతిలో ఎవరో ఒకరు మెక్‌డొనాల్డ్స్ ప్రకటన తీస్తారు. 2003 నుంచి ‘ఐ యామ్ లవింగ్ ఇట్’ అంటూనే ఉన్నారు, వాళ్లకు ఇంగ్లీషు రాదా అని. వచ్చు. తింటున్న ఆ కాసేపటి ఆనందాన్ని పట్టుకోవడానికి కావాలనే అలా అన్నారు. ఇంటర్వ్యూ గదిలో మీరు అలా అంటే ప్రయోగమనుకోరు.

‘సిన్స్ టెన్ ఇయర్స్’ దగ్గర రెండు కాలాలూ పనికిరావు. పదేళ్లుగా ఉంటున్నాం అంటే గతంలో మొదలై ఇప్పటిదాకా వచ్చింది కాబట్టి ‘వి హ్యావ్ బీన్ లివింగ్ ఇన్ గుంటూరు ఫర్ టెన్ ఇయర్స్’. ఎన్నాళ్లో చెప్పడానికి ‘ఫర్’, ఎప్పటి నుంచో చెప్పడానికి ‘సిన్స్’: ‘సిన్స్ 2015’. తెలుగు ‘ఉంటున్నాం’ చూసి ‘ఆర్ స్టేయింగ్’ అనేవారు ఎక్కువగా దొరికిపోయేది ఇక్కడే.

రేపటి సంగతుల్లో మాత్రం తెలుగు మనకు చక్కగా సాయపడుతుంది. ‘రేపు వస్తున్నాను’ అంటే టికెట్టు తీసుకున్నట్టే, ‘ఐ యామ్ కమింగ్ టుమారో’ కూడా అంతే. ‘రేపు వస్తాను’కు ‘ఐ కమ్ టుమారో’ అనకండి, ‘ఐ విల్ కమ్’ అనండి. సింపుల్‌ను సమయపట్టికలకు ఉంచండి: గోదావరి ఎక్స్‌ప్రెస్ ‘లీవ్స్ విశాఖపట్నం ఇన్ ది ఈవెనింగ్’. పత్రికల శీర్షికలు, క్రికెట్ వ్యాఖ్యానంలో ‘హి డ్రైవ్స్’, ‘హి పుల్స్’ లాంటివి వేరే లోకం. రెప్పపాటులో అయిపోయే షాట్‌కు ‘ఇంగ్’ చెప్పే తీరిక ఉండదు.

దరఖాస్తు ఈమెయిల్‌లో ‘ఐ యామ్ రైటింగ్ టు అప్లై’ అని మొదలుపెట్టండి, ఆ క్షణాన చేస్తున్న పని అదే. ఒప్పుకోవడం, క్షమాపణ కోరడం, మాట ఇవ్వడం లాంటివి అనడంతోనే అయిపోతాయి, కాబట్టి ‘ఐ యాక్సెప్ట్ ది ఆఫర్’, ‘ఐ అపాలజైజ్ ఫర్ ది డిలే’. ముగింపులో పరిచయం లేని అధికారికైతే ‘ఐ లుక్ ఫార్వర్డ్ టు హియరింగ్ ఫ్రమ్ యు’, కాస్త చనువున్నవారికైతే ‘ఐ యామ్ లుకింగ్ ఫార్వర్డ్’. రెండింటిలోనూ ‘టు’ తర్వాత వచ్చే ‘హియరింగ్’ అలాగే ఉండాలి. అక్కడి ‘ఇంగ్’కు ఈ లెక్కతో సంబంధం లేదు, దాన్ని తీసేయకండి.