చెన్నైకి డెస్క్‌టాప్ తెచ్చుకుంటున్నారా? ముందు గోడకున్న ప్లగ్గు చూడండి

ఉద్యోగానికి చెన్నై వస్తున్న మనవాళ్ళు ఏడాదికి ఇద్దరు ముగ్గురైనా నన్ను ఈ మాట అడుగుతారు: "ఇంట్లో అసెంబుల్డ్ సిస్టమ్ ఉందన్నా, తెచ్చుకోనా, అమ్మేసి లాప్‌టాప్ కొనుక్కోనా?" తెచ్చుకోండి. నేను 2014లో విజయవాడ నుంచి తెచ్చిన క్యాబినెట్ ఇంకా వాడుతున్నాను. లోపలి సరుకు రెండుసార్లు మారింది, డబ్బా అదే. ప్రాసెసర్ దానంతటది చచ్చిపోవడం నేనింతవరకూ చూడలేదు. పోయేవల్లా ఎస్‌ఎంపీఎస్ (గోడ కరెంటును లోపలి భాగాలకి సరిపడేలా మార్చి ఇచ్చే పెట్టె), ఫ్యాన్లు, హార్డ్ డిస్క్, వాటి తర్వాత అన్నిటినీ కలిపే మదర్‌బోర్డు. ఈ ఊళ్ళో వాటి ప్రాణం తీసేది వయసు కాదు, కరెంటూ ఉప్పుగాలీ.

బస్సు పార్సిల్లో వేసేటట్టయితే గ్రాఫిక్స్ కార్డు, బరువైన కూలర్ విప్పి బట్టల మధ్య పెట్టుకోండి. హార్డ్ డిస్క్ చేతిసంచిలో రావాలి. నేను కార్డు లోపలే ఉంచి పంపాను. కోయంబేడు బస్టాండులో దించుకుని తెరిస్తే కార్డుతోపాటు స్లాటు కూడా ఊడొచ్చింది. క్యాబినెట్‌ను నిలబెట్టకుండా, మదర్‌బోర్డు అడుగున ఉండేలా పడుకోబెట్టి కట్టించండి.

ఇల్లు చూడ్డానికి వెళ్ళినప్పుడు నీళ్ళు ఎన్ని గంటలకొస్తాయని అడుగుతాం గానీ ఎర్త్ ఉందా అని అడగం. వేళచ్చేరిలో నేనున్న పాత ఇంట్లో వట్టికాళ్ళతో నిలబడి క్యాబినెట్ స్క్రూ ముట్టుకుంటే చీమ కుట్టినట్టు జిల్లుమనేది. ఎలక్ట్రీషియన్ హోల్డరుకి రెండు వైర్లు తగిలించిన బల్బు తెచ్చాడు. ఫేజుకీ న్యూట్రల్‌కీ పెడితే వెలిగింది, ఫేజుకీ ఎర్త్‌కీ పెడితే వెలగలేదు. ప్లగ్గు విప్పితే పైన ఆ పెద్ద కన్నం వెనక వైరే లేదు! ఎస్‌ఎంపీఎస్‌లో ఉండే ఫిల్టర్ కెపాసిటర్లు కొద్దిపాటి కరెంటును డబ్బా మీదికి వదులుతాయి. అది ఎర్త్ వైరులోంచి భూమిలోకి పోవాలి. దారి లేకపోతే డబ్బా మీదే ఉంటుంది, మీరు మానిటర్ కేబులో పెన్‌డ్రైవో గుచ్చినప్పుడు వాటి మీదికి పాకుతుంది. "ఎర్త్ ఇరుక్కా సార్?" అని హౌస్ ఓనర్ని అడిగితే "ఇరుక్కు, ఇరుక్కు" అంటారు. ఆ మాట పట్టుకుని అడ్వాన్సు ఇవ్వకండి, బల్బు వెలిగించి చూపించమనండి. యూపీఎస్ కొనేది ఆ తర్వాత. దాని బ్యాటరీకి రెండు మూడేళ్ళే ఆయుష్షు.

తిరువాన్మియూరు, బీసెంట్ నగర్ వైపు సముద్రానికి దగ్గర్లో దిగితే ఏడాదికే స్క్రూల తలలు ఎర్రబడతాయి. ఒకరోజు ఆన్ చేస్తే ఫ్యాన్లు తిరుగుతాయి, తెర మీద బొమ్మ రాదు. బోర్డు పోయిందని కంగారుపడకండి. కరెంటు తీసేసి, ర్యామ్ (మెమరీ) స్టిక్కు బయటికి లాగి, దాని అంచున మెరిసే పళ్ళ మీద పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొట్టు దులిపి మళ్ళీ గుచ్చండి. నా దగ్గరికి వచ్చిన "చచ్చిపోయిన" సిస్టమ్‌లలో సగం ఈ రబ్బరుతోనే లేచి కూర్చున్నాయి. రోజూ వాడే సిస్టమ్‌లో లోపలి వేడికి చెమ్మ నిలవదు. గుడ్డ కప్పి నెలలు నెలలు మూల పెట్టిందే ముందు పోతుంది.

దుమ్ము మూడు నెలలకోసారి బ్లోయరుతో కొట్టండి. ఈ తేమకి అది అట్టకట్టి, ప్రాసెసర్ వేడిని లాగే హీట్‌సింక్ రెక్కల్ని మూసేస్తుంది. కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకోండి, లేకపోతే హోరున తిరిగి బేరింగు పాడవుతుంది. ప్రాసెసర్‌కీ హీట్‌సింక్‌కీ మధ్య పూసే థర్మల్ పేస్టు రెండు మూడేళ్ళకు మారిస్తే చాలు. మే నెల కత్తిరి వెయిల్ (నడివేసవి ఎండ) రోజుల్లో క్యాబినెట్‌ను గోడకి ఆనించి పెట్టొద్దు. పది డిగ్రీల వేడి పెరిగితే కెపాసిటర్ల ఆయుష్షు దాదాపు సగమవుతుంది. తారీఖు వెనక్కి పోతుంటే బోర్డు మీది సీఆర్2032 బ్యాటరీ బిళ్ళ అయిపోయిందన్నమాట, అది గడియారాల కొట్లోనూ దొరుకుతుంది.

విడిభాగాలకి మౌంట్ రోడ్డు పక్కన రిచ్చీ స్ట్రీట్. చింతాద్రిపేట స్టేషన్లో దిగితే నడిచే దూరమే. ఆదివారం వెళ్ళకండి, చాలా షాపులు మూసేసి ఉంటాయి. తమిళం రాదని బెంగ వద్దు, తెలుగు తెలిసినవాళ్ళు ఆ సందుల్లో బోలెడుమంది. "బిల్ పోట్టు కుడుంగ అణ్ణా" (బిల్లు వేసి ఇవ్వన్నా) అన్న ఒక్క ముక్క నేర్చుకోండి చాలు. బిల్లులో సీరియల్ నంబరు రాయించుకోండి. అది లేకపోతే వారంటీ నోటి మాటే. పాత చిప్‌సెట్ (బోర్డును నడిపే ముఖ్యమైన చిప్పులు) పెట్టి కొత్తగా చేసిన చవక బోర్డులు చూపిస్తారు, వాటి జోలికి పోవద్దు.

విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. మీ ప్రాసెసర్ ఇంటెల్ ఎనిమిదో తరం కంటే పాతదైతే విండోస్ 11కి మైక్రోసాఫ్ట్ ఒప్పుకోదు. ఉచితంగా దొరికే మరో ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ వేసుకోండి, ఇంకో నాలుగేళ్ళు లాగొచ్చు.

ఇక నీళ్ళు. 2015 డిసెంబర్ వరదల్లో మా వీధి కింది వాటాల్లో మోకాళ్ళ దాకా నిలిచాయి. ఒకవేళ తడిస్తే పనిచేస్తుందో లేదో చూద్దామని స్విచ్ మాత్రం వేయకండి. ప్లగ్గు పీకి, బిళ్ళ తీసి, విప్పి, బాగా ఆరనిచ్చాకే ఆ ఆలోచన. నా డబ్బా మటుకు అక్టోబర్ రాగానే టేబుల్ మీదికి ఎక్కుతుంది, మళ్ళీ సంక్రాంతికే కిందికి దిగేది. ఆ మూడు నెలలూ మా ఆవిడ కుట్టుమిషన్‌కి చోటుండదు.