తాటాకు మీది లెక్కని జర్నల్ దాకా చేర్చడం ఎలా

చెన్నైలో ఉండి గణిత చరిత్ర మీద రాయాలనుకునేవాళ్ళు చాలామంది రామానుజన్‌తోనే మొదలుపెడతారు. ఆ దారిలో రద్దీ ఎక్కువ. ఎవరూ చూడని కాగితం చేతికి దొరికితే తప్ప కొత్తగా చెప్పగలిగేది తక్కువ. తెలుగు చదవడం వచ్చినవాళ్ళకి ఇదే ఊళ్ళో ఇంకో పని ఉంది. మెకంజీ, బ్రౌన్ వంటి ఈస్టిండియా కంపెనీ అధికారుల సేకరణల మీద 1869లో ఏర్పడిన ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో తెలుగు గణిత గ్రంథాల రాతప్రతులున్నాయి. పాత పుస్తకాల్లో చేపాక్ చిరునామా కనిపిస్తుంది గానీ, ఇప్పుడు వెళ్ళాల్సింది కోట్టూర్‌పురంలోని అణ్ణా శతజయంతి గ్రంథాలయ భవనానికి. రాతప్రతులున్న అడయారు గ్రంథాలయం కూడా అక్కడికి దగ్గరే.

ముందు ప్రశ్నని చిన్నది చేసుకోవాలి. 9వ శతాబ్దపు మహావీరాచార్యుల గణితసారసంగ్రహాన్ని పావులూరి మల్లన 11వ శతాబ్దంలో తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. సంస్కృత మూలాన్ని ఎం. రంగాచార్య ఇంగ్లీషు అనువాదంతో 1912లో మద్రాసు ప్రభుత్వ ముద్రణాలయం నుంచి తెచ్చారు. అంటే పోల్చి చూడటానికి ఒక పక్క సిద్ధంగా ఉంది. అలాగని ‘పావులూరి గణితం: ఒక సమగ్ర పరిశీలన’ అని పంపితే ఎడిటర్ రెండో పేజీ తిప్పరు. కళాసవర్ణంలో, అంటే భిన్నాల అధ్యాయంలో, భాగజాతి (సాధారణ భిన్నాల) లెక్కలు మాత్రమే తీసుకోండి. మూలంలో ఉన్నవేవి, తెలుగులో లేనివేవి, అంకెలు ఎక్కడ మారాయి అన్నదానికి పరిమితమైతే ఒక వ్యాసానికి సరిపోతుంది.

రాతప్రతి దగ్గర కూర్చున్నప్పుడు

అనుమతి ఉత్తరం, పెన్సిలు, స్కేలు తీసుకెళ్ళండి. పెన్ను బ్యాగులోంచి తీయొద్దు. చదవడానికి ముందు ప్రతిని వర్ణించి పెట్టుకోండి. ఎన్ని ఆకులు, పొడవు వెడల్పులు సెంటీమీటర్లలో ఎంత, పేజీకి ఎన్ని పంక్తులు, ఎక్కడ పురుగు తిన్నది, ఏ ఆకు లేదు, ఆకుల సంఖ్య ఏ అంచున ఉంది, ఇవన్నీ రాసుకోండి. ఈ భాండాగారం ప్రతుల నంబర్ల ముందు డి, ఆర్ అనే అక్షరాలుంటాయి. అక్షరం వదిలేసి అంకె మాత్రమే రాసుకుంటే, ఆర్నెల్ల తర్వాత మీరు చూసింది ఏ ప్రతో మీకే తెలియదు.

పాఠాన్ని మొదటిసారి రాసుకునేటప్పుడు ఏదీ దిద్దకూడదు. తాటాకు మీద ప, వ, ష ఒకదాన్నొకటి పోలి ఉంటాయి. సందేహం ఉన్నచోట రెండూ రాసుకోండి. ఛందస్సు కొంత సాయం చేస్తుంది. ఉత్పలమాల పాదంలో 20 అక్షరాలు రావాలి, 10వ అక్షరం దగ్గర యతి కుదరాలి, లేదంటే ఏదో జారిపోయిందన్నమాట. అయితే లెక్కల పద్యాల్లో ఒక చిక్కుంది. మూడు, ఆరు, ఏడు, నూరు అన్నీ గురువు పక్కన లఘువే. రాతగాడు ‘ఏడు’ బదులు ‘మూడు’ చెక్కినా గణం చెడదు. యతిస్థానంలోనో ప్రాసస్థానంలోనో పడితే తప్ప ఛందస్సు ఆ తప్పుని పట్టదు. అక్కడ లెక్క చేసి చూడటమే దారి. జవాబు కుదరకపోతే సరైన అంకె పాఠంలో పెట్టి ఊరుకోకండి. ప్రతిలో ఉన్న రూపం, మీరు ప్రతిపాదించే రూపం, కారణం, మూడూ అధస్సూచికలో చూపాలి. తప్పు రాతగాడిదో కవిదో తేల్చడానికి రెండో ప్రతి కావాలి, అందుకే ఒకే ప్రతి మీద ఆధారపడిన వ్యాసాలు బలహీనంగా ఉంటాయి.

భిన్నాల గుర్తుల దగ్గర ఇంకా జాగ్రత్త అవసరం. తెలుగు భిన్నాలు నాలుగు చొప్పున భాగించుకుంటూ పోతాయి: పావు అంటే నాలుగో వంతు, వీసం అంటే పదహారో వంతు. పావుల వరుసకి నిలువు గీతలు, వీసాల వరుసకి అడ్డగీతలు. ౹ అంటే పావు, ౼ అంటే వీసం, రెండూ పక్కపక్కన ఉంటే 5/16. ఈ గుర్తులు 2008లో యూనికోడ్‌లో చేరాయి గానీ చాలా ఫాంట్లలో ఇప్పటికీ లేవు, ఖాళీ డబ్బాలు కనిపిస్తాయి. అంతకంటే ప్రమాదం, కీబోర్డు మీద దొరికే గీతలతో సరిపెట్టడం. నిలువు గీత పద్యం చివరి దండంలా, అడ్డగీత హైఫన్‌లా కనిపిస్తుంది. కాపీ ఎడిటర్ హైఫన్ అనుకుని తీసేస్తే మీ 5/16 కాస్తా పావు అయిపోతుంది. అసలు గుర్తులే వాడి, ఫాంటు పొదిగిన పీడీఎఫ్ జత చేసి, కవరింగ్ లెటర్‌లో ఆ సంగతి ఒక వాక్యం రాయండి.

తేదీ తేల్చడం

సమీక్షకులు మొదట పట్టుకునేది ఇక్కడే. ప్రతి చివర రాతగాడు రాసే గద్యలో సంవత్సరం మాటల్లో ఉండొచ్చు. ఒక్కో మాట ఒక్కో అంకెకి గుర్తు, ఆ అంకెలు కుడి నుంచి ఎడమకి పేర్చుకోవాలి. ‘ఖ వేద బాణ చంద్ర’ శకం అని ఉందనుకోండి. ఖ 0, వేద 4, బాణ 5, చంద్ర 1, తిప్పితే శకం 1540. దానికి 78 కలిపితే 1618. ఇక్కడితో ఆపేస్తే తప్పు జరగవచ్చు. నెల మాఘమో ఫాల్గుణమో అయితే అప్పటికి జనవరి ఒకటి దాటింది కాబట్టి 1619 అవుతుంది. ఆ 1540 గడిచిన సంవత్సరమా, నడుస్తున్నదా అన్నది ఇంకో ప్రశ్న. దానికి సంవత్సరం పేరు చూడాలి. 1978-79 కాళయుక్తి. 60 ఏళ్ళ చక్రాలు ఆరు వెనక్కి వెళ్తే 1618-19 కూడా కాళయుక్తే. గద్యలో కాళయుక్తి అని ఉంటే గడిచిన లెక్క కుదిరింది. పింగళ అని ఉంటే నడుస్తున్న లెక్క, అంటే 1617-18. రెండూ కాకపోతే మీ పఠనంలోనో రాతగాడి రాతలోనో పొరపాటుంది, ఆ మాట వ్యాసంలో దాచకుండా రాయాలి. పైగా అది ప్రతి రాసిన తేదీ, గ్రంథం పుట్టిన తేదీ కాదు. ఈ రెండూ కలిపేసిన వ్యాసాలు ఎన్ని వెనక్కొస్తాయో!

అనువాదం మూడు పొరలుగా ఉండాలి: మూల పద్యం, మాటకి మాట అనువాదం, ఆ తర్వాత నేటి సంకేతాల్లో వివరణ. మూడోది మీదేనని స్పష్టంగా చెప్పండి. త్రైరాశికంలో, అంటే తెలిసిన మూడు రాశుల నుంచి నాలుగోది కనుక్కునే లెక్కలో, కవి చెప్పేది ఫలాన్ని ఇచ్ఛతో గుణించి ప్రమాణంతో భాగించమని. దాన్ని తెలియనిరాశితో సమీకరణంగా రాసి ‘మల్లన సమీకరణం సాధించాడు’ అంటే, కవి చేయని పని అతనికి అంటగట్టినట్టే. ‘ప్రపంచంలో మొట్టమొదట’ అనే మాట కూడా అంతే. మహావీరుడి ముందు బ్రహ్మగుప్తుడున్నాడు, అతని ముందు ఆర్యభటుడున్నాడు. మీరు చూసిన గ్రంథాల్లో ఇదే తొలి ప్రస్తావన అనొచ్చు, ఆ చూసినవి ఏవో చెప్పగలిగితే.

తెలుగు మాటల్ని రోమను లిపిలో రాయడానికి సంస్కృతం వాళ్ళ పద్ధతి చాలదు. సంస్కృతంలో ఏ, ఓ ఎప్పుడూ దీర్ఘాలే కాబట్టి వాటి మీద గీత పెట్టరు. అదే పద్ధతిలో ‘ఎనిమిది’, ‘ఏడు’ ఒకే అక్షరంతో మొదలవుతాయి. భారతీయ లిపుల్ని రోమనులోకి మార్చే అంతర్జాతీయ పద్ధతి ఐఎస్ఓ 15919 వాడండి, మొదటి అధస్సూచికలోనే ఆ మాట చెప్పండి.

ఎక్కడికి పంపాలి

పాఠ పరిష్కరణ, కొత్త ప్రతుల వివరాలైతే ఇండియన్ జర్నల్ ఆఫ్ హిస్టరీ ఆఫ్ సైన్స్ లేదా గణిత భారతి. దక్షిణాసియా సందర్భం ముఖ్యమైతే హిస్టరీ ఆఫ్ సైన్స్ ఇన్ సౌత్ ఏషియా, అది ఓపెన్ యాక్సెస్. హిస్టోరియా మాథెమాటికా అయితే భారత గణితం తెలియని చరిత్రకారుడికి కూడా అర్థమయ్యేలా పీఠిక తిరగరాయాలి. గణిత విషయాల వర్గీకరణ (ఎంఎస్‌సీ) కోడ్ అడిగితే భారత గణితానికి 01ఏ32. వారంలో అచ్చేస్తామని, ఫీజు ముందు కట్టమని వాట్సాప్‌లో అడిగేవాళ్ళకి దూరంగా ఉండండి. పేరున్న జర్నళ్ళకి నకిలీ సైట్లుంటాయి, కాబట్టి లింకుని ప్రచురణకర్త సైటులోంచే పట్టుకోండి. ఒకే వ్యాసం ఒకేసారి రెండు చోట్లకి పంపకూడదు.

ఆకు ఫొటో అచ్చెయ్యాలంటే చదవడానికి తీసుకున్న అనుమతి చాలదు, ప్రచురణకి విడిగా రాతపూర్వక అనుమతి కావాలి. దాని కోసం వ్యాసం అంగీకరించేదాకా ఆగితే పని అక్కడే నిలిచిపోతుంది. డ్రాఫ్టు దశలోనే దరఖాస్తు పెట్టండి.

సమీక్షలు రావడానికి నెలలు పడుతుంది. వచ్చాక ప్రతి వ్యాఖ్యనీ నంబరు వేసి, పక్కన మీ జవాబు, మార్చిన పేజీ రాయండి. ఒప్పుకోని వ్యాఖ్యకి కూడా జవాబు ఉండాలి, ఏ ఆకు, ఏ పంక్తి ఆధారంగా ఒప్పుకోవడం లేదో చూపిస్తే చాలు. ప్రూఫు వచ్చినప్పుడు గడువు రెండు మూడు రోజులే ఉండొచ్చు. వాక్యాల సంగతి తర్వాత, ముందు వీసం గీతలు ఉన్నాయో లేదో, ‘ఏ’ మీద గీత నిలిచిందో లేదో, రాతప్రతి నంబరు ముందు డి, ఆర్ మిగిలాయో లేదో చూడండి.