చంక దగ్గర పట్టీ, చేతిలో చిన్న డంబెల్
విజయనగరం జిల్లా కొండవెలగాడ వాళ్లు బరువులెత్తడం చూస్తూ పెరిగాం కదా, తక్కువ బరువుతో కండ వస్తుందంటే మొదట నవ్వాను. మోచేయి నొప్పెట్టాక జపాన్ వాళ్ల కాట్సు పద్ధతే దిక్కయింది, అంటే పట్టీతో రక్తప్రవాహాన్ని కాస్త తగ్గించి తక్కువ బరువు ఎత్తడం.

వెడల్పాటి సాగే పట్టీని జబ్బ పైభాగాన, చంకకు దగ్గరగా చుట్టండి. పూర్తి బిగువు పది అనుకుంటే ఆరేడు వంతులే బిగించండి. నేను మొదటిరోజు గోనెసంచి తాడు కట్టి చర్మం కమిలించుకున్నాను, ఆ పని మాత్రం చేయకండి. ఒక్కసారి ఎత్తగలిగే గరిష్ఠ బరువులో 20–30 శాతం చాలు. ముందు 30 సార్లు, ఆపై 15 చొప్పున మూడు సెట్లు, నడుమ 30 సెకన్ల విశ్రాంతి. చివరి సెట్‌కి జబ్బ మండిపోతుంది, అది మామూలే. తిమ్మిరెక్కినా, అరచేయి నొక్కి వదిలితే మూడు సెకన్లలో రంగు తిరిగి రాకపోయినా వెంటనే విప్పేయండి. బీపీ, రక్తం గడ్డకట్టే సమస్య ఉన్నవాళ్లు డాక్టర్ని అడక్కుండా ముట్టుకోవద్దు.