ఇంటి వీడియోల్లో రాజకీయ చరిత్ర – 3వ పాఠం: భుజం వెనకాల చూడటం

పోయిన పాఠానికి టేపులూ రీళ్లూ డిజిటల్ ఫైళ్లయ్యాయి, ప్రతి ఫైలుకూ ఒక నంబరు పడింది, అసలు కాపీ వేరే డిస్కులో భద్రంగా ఉంది. ఇక వాటిని ఏఐ చేత వెతికిద్దాం.

వెతకాల్సింది ఏమిటో ముందు తేల్చుకోండి. వీడియో తీసినవాళ్ల చూపంతా పిల్లల మీద ఉంటుంది. మనం చూడాల్సింది ఆ పిల్లల భుజం వెనకాల: గోడ మీది నినాదం, ఎదురు డాబా మీది జెండా, మూలన మోగుతున్న టీవీ, పెద్దవాళ్ల కబుర్లలో దొర్లిన ఒక మంత్రి పేరు. 1938లో డేవిడ్ కర్ట్జ్ అనే అమెరికన్ ఐరోపా యాత్రలో భాగంగా పోలండ్‌లోని నాసీల్స్క్ పట్టణానికి వెళ్లి, అక్కడ మూడు నిమిషాల పైచిలుకు నిడివి ఉన్న ఫిల్మ్ తీశాడు. కెమెరా ముందుకు తోసుకొచ్చిన పిల్లలే అందులో ఎక్కువ. మరుసటి ఏడాది నాజీ సైన్యం వచ్చింది. ఆ ఊరి యూదుల్లో యుద్ధం దాటి బతికినవాళ్లు వందలోపే. ఆ రీలులో నాయకుడనేవాడు ఒక్కడూ కనపడడు, అయినా ఇరవయ్యో శతాబ్దపు రాజకీయ చరిత్రకు అదొక సాక్ష్యం.

మొదట బొమ్మలు. వీడియోను షాట్లుగా విడగొట్టే పైసీన్‌డిటెక్ట్ లాంటి ఉచిత సాధనాలున్నాయి. అయితే ఇంటి వీడియోల్లో కట్‌లు తక్కువ. కెమెరా అటూ ఇటూ తిరుగుతూ ఒకే షాట్ పది నిమిషాలు సాగుతుంది కాబట్టి, ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ఉచిత సాధనంతో రెండు సెకన్లకో ఫ్రేము కూడా తీయించండి. గంట టేపుకు 1,800 ఫ్రేములు వస్తాయి. ఈ జల్లెడ కన్నాలు పెద్దవని మాత్రం గుర్తుంచుకోండి. 1963లో కెనెడీ హత్యను పట్టిన జప్రూడర్ ఫిల్మ్ మొత్తం 486 ఫ్రేములు, 26 సెకన్ల పైచిలుకు. ఇదే లెక్కన తీస్తే అందులో దక్కేవి పద్నాలుగుకు మించవు. అనుమానం తగిలిన చోట ఆ ముక్కను ఫ్రేము ఫ్రేముగా మళ్లీ తీయాల్సిందే.

ఈ ఫ్రేములను మాటలతో వెతకడానికి, మాటకూ బొమ్మకూ పోలిక చూసే క్లిప్ (CLIP) లాంటి ఏఐ మోడల్ వాడతాం. మీరు ఒక వాక్యం ఇస్తే, దానికి దగ్గరగా ఉన్న ఫ్రేములను వరుసగా పేర్చి ఇస్తుంది. ‘రాజకీయ సభ’ అని అడగకండి, కంటికి కనపడే వస్తువును అడగండి: గోడ మీద పెద్ద అక్షరాలు, చేతిలో జెండా, మైకు కట్టిన జీపు, వరుసగా నిలబడ్డ పోలీసులు. మీ టేపులో జీపే లేకపోయినా జాబితాలో మొదటి స్థానం ఖాళీగా ఉండదు, ఏదో ఒక ఎద్దుబండిని తెచ్చి కూర్చోబెడుతుంది. పైనున్న ముప్పై నలభై ఫ్రేములను మీ కళ్లతో చూసి ఏరుకోవాలి.

బొమ్మలోని అక్షరాలను గుర్తించే సాఫ్ట్‌వేర్ చేత గోడరాతలు చదివించే ముందు ఒక సంగతి. పాత వీడియో టేపుల్లో ఒక్కో ఫ్రేము రెండు సగాల అల్లిక కాబట్టి, కదిలే అక్షరాల అంచులు దువ్వెన పళ్లలా చీలి కనిపిస్తాయి. డీఇంటర్‌లేస్ చేశాకే, అంటే ఆ అల్లికను సరిచేశాకే, చదివించండి. ఎనిమిది మిల్లీమీటర్ల ఫిల్మ్‌ను స్కానింగులో తిరగేసి ఎక్కిస్తే అక్షరాలు అద్దంలో చూసినట్టు వస్తాయి. మనిషి కన్ను వెంటనే పట్టేస్తుంది, సాఫ్ట్‌వేర్ మాత్రం తప్పుగా చదవొచ్చు, లేదా ‘రాత ఏమీ లేదు’ అనేసి ఊరుకోవచ్చు. ఇక మసక బొమ్మను ‘స్పష్టంగా’ మార్చే ఏఐ సాధనాల జోలికి పోవద్దని నా గట్టి సలహా. అవి లేని గీతను కల్పించి ఇస్తాయి. నినాదంలో ఒక్క అక్షరం మారితే పార్టీయే మారిపోవచ్చు.

అసలు పంట ధ్వనిలో ఉంది. దీనికి 2022లో ఓపెన్‌ఏఐ ఉచితంగా విడుదల చేసిన, మాటను రాతగా మార్చే విస్పర్ చాలు. మీ కంప్యూటర్‌లోనే నడుస్తుంది, ఇంటి మాటలు బయటికి పోవు. అది రాసిచ్చేది ఇలా ఉంటుందనుకోండి:

12:41 – కొవ్వొత్తి ఊదు నాన్నా
12:44 – ఓట్ల లెక్కింపు ఇంకా కొనసాగుతోంది
12:46 – ఆ టీవీ ఎవరైనా ఆపండ్రా

మనకు కావాల్సింది రెండో వరుసే అయినా, మూడోది దానికి సాక్షి: ఆ గొంతు టీవీలోదే, అతిథులది కాదు. అక్కడ రెండు నిమిషాలు ముందుకూ వెనక్కూ చెవితో వినండి. నియోజకవర్గం పేరో అంకెలో చిక్కవచ్చు.

ఓట్లు, రాజీనామా, కర్ఫ్యూ, బంద్ లాంటి మాటలతో రాతప్రతిని గాలించండి, తప్పు స్పెల్లింగులతో కూడా. అప్పటి నాయకుల పేర్లను ముందుగా ప్రాంప్టులో ఇస్తే విస్పర్ వాటిని మెరుగ్గా పడుతుంది. కానీ వినపడనిచోట కూడా అవే పేర్లు రాసే ప్రమాదముంది, అందుకే పేర్లు ఇచ్చి ఒకసారి, ఇవ్వకుండా ఒకసారి నడిపి పోల్చండి. నిశ్శబ్దం దీనికి సరిపడదు. ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేని చోట ‘చూసినందుకు ధన్యవాదాలు’ అని రాసిపెడుతుంది. ఒకే వాక్యం వరుసగా నాలుగైదుసార్లు కనపడినా అది కల్పనే అనుకోండి. మాట మీద పాట పడితే డెమక్స్‌తో పాటను విడదీయవచ్చు. మాట మీద మాట పడితే మాత్రం దానితో పెద్దగా లాభం లేదు.

తేదీ గురించి తొందరపడొద్దు. ఫైలు వివరాల్లో ఉండేది సాధారణంగా డిజిటల్ చేసిన రోజు. తెర మూలన కనపడే తేదీ కెమెరా గడియారానిది, దాన్ని సరిచేయకుండా వదిలేసిన ఇళ్లు ఎన్నో. టీవీ వార్త కూడా పునఃప్రసారం కావచ్చు. కొడాక్ ఫిల్మ్ అంచున ఉండే వృత్తం, చతురస్రం, త్రిభుజం గుర్తులు ఫిల్మ్ తయారైన ఏడాదిని చెబుతాయి, తీసిన ఏడాదిని కాదు. అవే గుర్తులు ఇరవై ఏళ్లకోసారి తిరిగి వస్తాయి కూడా. ‘ఇంతకు ముందు కాదు’, ‘దీని తర్వాత కాదు’ అని రెండు గట్లు వేసుకుని, వాటి మధ్య దూరాన్ని ఒక్కో ఆధారంతో తగ్గించుకుంటూ రండి.

ముఖాలను గుర్తించే సాధనాలను ఈ పనికి నేను వాడను. ఊరేగింపులో నడిచిన అపరిచితుడి పేరు బయటపెట్టడం అతనికో అతని పిల్లలకో చేటు తేవచ్చు. పైగా ఇంటివాళ్ల కన్నును మించిన సాధనం లేదు. నాసీల్స్క్ ఫిల్మ్‌లో ఒక కుర్రాణ్ని గుర్తుపట్టింది దశాబ్దాల తర్వాత దాన్ని చూసిన అతని మనవరాలు. అప్పటికి ఆ తాతగారు బతికే ఉన్నారు, తక్కిన పిల్లల్లో కొందరి పేర్లు ఆయనే చెప్పారు. ఏఐ ఏరిచ్చిన నలభై సెకన్ల ముక్కను మీ ఇంట్లో పెద్దవాళ్లకు చూపించి, వాళ్లు చెప్పేది రికార్డు చేసుకోండి. ‘ఇది ఫలానా ఎన్నికలప్పటిదే కదా’ అని మీరే అందించకండి, అందిస్తే అవునంటారు.

అభ్యాసం: ఒక గంట టేపు తీసుకోండి. దొరికిన ప్రతిదానికీ ఫైలు నంబరు, నిమిషం–సెకను రాసి, పక్కన రెండు గళ్లు గీయండి. ఒకదాంట్లో కనపడింది లేదా వినపడింది మాత్రమే రాయాలి, రెండోదాంట్లో దాని నుంచి మీరు ఊహించింది. ‘ఎర్ర గుడ్డ కట్టిన కర్ర’ మొదటి గడిలోకి, ‘పార్టీ జెండా’ రెండో గడిలోకి. వచ్చే పాఠంలో ఈ రెండో గడిని పాత పత్రికలతో సరిచూడటం నేర్చుకుందాం.