పాత రోబో బొమ్మ: ఏ జబ్బు నయమవుతుంది, ఏది కాదు

బొమ్మ చేతికి రాగానే ఎవరైనా చేసే మొదటి పని దాని చేతులూ కాళ్ళూ తిప్పి చూడటం. నేనూ అదే చేశాను. జపాన్ నుంచి తెప్పించుకున్న రోబో అది. ‘జాయింట్లన్నీ బాగున్నాయి’ అని అమ్మినాయన రాశాడు, ఫొటోల్లోనూ నిక్షేపంగా ఉంది. బబుల్ రేపర్ విప్పి భుజం పట్టుకుని పైకెత్తానో లేదో, టప్‌మంది. బంగారు రంగు ముక్క రెండై అరచేతిలో పడింది. విరిగిన అంచు చూస్తే పటికబెల్లం కొరికినట్టు గరుకుగా ఉంది. అడిగితే ‘నేను పంపేటప్పుడు బాగానే ఉంది’ అన్నాడు. నిజమే అయ్యుంటుంది. ఏళ్ళ తరబడి దాన్ని ముట్టుకోకుండా అద్దాల బీరువాలో పెట్టుకున్నాడు మరి.

అప్పటినుంచి నా వరస మారింది. ముందు కళ్ళతో చూడటం, తర్వాత బరువు చూడటం, కదపడం ఆఖరున. కింద రాసినవి 1970ల నాటి జపాన్ కంపెనీ పాపీ చేసిన చోగోకిన్ అనే లోహపు రోబో బొమ్మలకూ, 1984లో అమెరికా కంపెనీ హాస్‌బ్రో మొదలుపెట్టిన ట్రాన్స్‌ఫార్మర్స్‌కూ (వాహనాలుగా మారే రోబోలు), వాటి తర్వాత వచ్చిన తరాలకూ పనికొస్తాయి.

సమస్య: బంగారు రంగు ప్లాస్టిక్ పిండిలా రాలుతోంది

కారణం: 1980ల చివర్లోనూ 90ల్లోనూ కొన్ని బొమ్మలకు మెరుపు రావాలని ప్లాస్టిక్‌లోనే మెరిసే పొడి కలిపి అచ్చు పోశారు. ఆ మిశ్రమం వయసు పెరిగేకొద్దీ పెళుసైపోతుంది. దీన్ని గోల్డ్ ప్లాస్టిక్ సిండ్రోమ్ అంటారు. జపాన్‌లో 1988లో వచ్చిన బ్లాక్ జరాక్ అనే ట్రాన్స్‌ఫార్మర్ దీనికి పేరుమోసిన బాధితుడు. ‘సీలు తియ్యని పెట్టె’ అని రెట్టింపు ధర చెప్పేవాళ్ళుంటారు. సీలు ఉన్నా లేకున్నా లోపలి ప్లాస్టిక్‌కు వయసు ఆగదు.

ఎలా గుర్తుపట్టాలి: టార్చి పక్కనుంచి వేసి చూడండి. రంగు లోపల సుడులు తిరిగినట్టు, పాలరాతి చారల్లా కనిపిస్తే అనుమానించాలి. పైన వేసిన బంగారు పెయింటుకు గానీ, అద్దంలా మెరిసే క్రోమ్ పూతకు గానీ ఈ రోగం లేదు. పిన్ను దిగిన చోట్ల వెంట్రుక సన్నంలో పగులు ఉందేమో భూతద్దంతో చూడండి, మొదట విరిగేది అక్కడే.

పరిష్కారం: లేదు. ఫెవిక్విక్ పెడితే అతుకు పక్కన విరుగుతుంది. ఇలాంటి బొమ్మ కొంటే షోకేసులో నిలబెట్టుకోవడానికే కొనాలి, ధర కూడా ఆ లెక్కనే మాట్లాడాలి.

సమస్య: పెయింటు కింద బొబ్బలు, లోహంలో పగుళ్ళు

చోగోకిన్ అంటే జపనీస్‌లో సూపర్ మిశ్రలోహం. మజింగర్ జెడ్ అనే జపాన్ రోబో కథలో ఆ రోబో ఒంటికి వాడిన లోహం పేరది. 1974లో పాపీ ఆ పేరుతోనే లోహపు మజింగర్‌ను అమ్మింది. నిజానికి అది జింకు మిశ్రమం. అందుకే అయస్కాంతం అంటుకోకపోతే ‘ఇది లోహం కాదు, డూప్లికేట్’ అని కంగారుపడకండి. అయస్కాంతం పట్టేది స్క్రూలకూ, ఇనుప పిన్నులకూ మాత్రమే.

జింకులో సీసం, తగరం వంటివి కొంచెం కలిసినా ఏళ్ళు గడిచాక లోహం లోపల్నుంచే ఉబ్బి పగులుతుంది. దీన్నే జింక్ పెస్ట్ అంటారు. 1929లో అమెరికాలో అతి శుద్ధమైన జింకుతో జమాక్ అనే మిశ్రమం వచ్చాక ఈ బాధ చాలా తగ్గింది, పూర్తిగా పోలేదు. పైన కనిపించే తెల్లటి బూజు వేరు. పొడిగుడ్డతో తుడిస్తే పోయి, కింద లోహం నునుపుగా ఉంటే టెన్షన్ అక్కర్లేదు. తుడిచినా బొబ్బ అలాగే ఉండి, వేలితో తడిమితే అంచు తగులుతుంటే అది పెస్ట్. మందు లేదు. తేమ తగలని చోట పెడితే కాస్త నెమ్మదిస్తుంది. విశాఖ, కాకినాడ వైపు ఉండేవాళ్ళు డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసుకోవడం మంచిది.

సమస్య: తెల్ల భాగాలు పసుపెక్కాయి

1985 నాటి జెట్‌ఫైర్ అనే తెల్లటి ట్రాన్స్‌ఫార్మర్ కొన్నవాళ్ళందరికీ ఇది తెలుసు. ఏబీఎస్ అనే గట్టి ప్లాస్టిక్‌కు ఎండా వేడీ తగిలితే రంగు మారుతుంది. మన అటక మీద వేసవి వేడి సంగతి తెలిసిందే. అందువల్ల పాత బొమ్మను అటకెక్కించొద్దు.

పరిష్కారం ఉంది, కానీ ఓపిక కావాలి. బ్యూటీ పార్లర్ సామాను అమ్మే షాపుల్లో జుట్టుకు రంగేసేటప్పుడు వాడే 40 వాల్యూమ్ క్రీమ్ డెవలపర్ దొరుకుతుంది, అంటే 12 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్. బొమ్మను విప్పి, స్టిక్కర్లు, లోహం, క్రోమ్ భాగాలు పక్కన పెట్టి, తెల్ల ముక్కలకు మాత్రమే రాసి, క్రీమ్ ఆరకుండా క్లింగ్ ర్యాప్ చుట్టి ఎండలో పెట్టాలి. గంటకోసారి తిప్పుతూ చూడాలి. గ్లవ్స్ తప్పనిసరి, చర్మానికి తగిలితే మంట పుడుతుంది. ఒకచోట ఆరి, ఒకచోట తడిగా ఉంటే చారలు పడతాయి. పసుపు కంటే అవే అసహ్యం. పైగా కొంతకాలానికి పసుపు మళ్ళీ రావచ్చు. లేతగా పసుపెక్కిన దాన్ని నేనైతే ముట్టుకోను. తెలుపు చేసిన బొమ్మను అమ్మేటప్పుడు ఆ సంగతి చెప్పడం మర్యాద.

సమస్య: నిలబడట్లేదు, కీళ్ళు వదులు

అన్నిట్లోకీ తేలికైంది ఇదే. స్క్రూ వదులైతే బిగించండి. ఇక్కడ ఒక మెలిక ఉంది. జపాన్ స్క్రూలు మన స్టార్ స్క్రూల్లాగే కనిపిస్తాయి కానీ వాటి గాడి జె.ఐ.ఎస్. (జపాన్ ప్రమాణం) కొలత. మామూలు స్టార్ స్క్రూడ్రైవర్ జారి తల అరిగిపోతుంది. ఆ అరిగిన తలను చూస్తే బొమ్మను ఇదివరకు ఎవరో విప్పారని కూడా తెలుస్తుంది. ధర తగ్గించమని అడగడానికి అదో మంచి ఆధారం.

గుండ్రటి బంతి కీలైతే బంతి మీద ట్రాన్స్‌పరెంట్ నెయిల్ పాలిష్ ఒక పలచని పూత వేసి, పూర్తిగా ఆరాకే అది కూర్చునే గుంటలోకి నొక్కండి. చాలకపోతే మర్నాడు ఇంకో పూత. తడిగా ఉండగా బిగించారా, కీలు శాశ్వతంగా అంటుకుపోతుంది.

సమస్య: జిడ్డుగా అంటుకుంటోంది

మెత్తటి పీవీసీ భాగాల్లోంచి వాటిని మెత్తగా ఉంచే నూనెలాంటి ప్లాస్టిసైజర్ బయటికి వస్తోందన్నమాట. గోరువెచ్చని నీళ్ళలో గిన్నెలు తోమే లిక్విడ్ చుక్క వేసి కడిగి ఆరబెట్టండి. రబ్బరు టైరును గానీ మెత్తటి భాగాన్ని గానీ గట్టి ప్లాస్టిక్‌కు ఆనించి ఏళ్ళ తరబడి వదిలేయకండి, మచ్చ దిగిపోతుంది.

సమస్య: బ్యాటరీ గదిలో తెల్ల పొడి

ఆల్కలైన్ సెల్ కారింది. కాటన్ బడ్‌ను వెనిగర్‌లోనో నిమ్మరసంలోనో ముంచి తుడవండి, తర్వాత తడి బడ్‌తో మళ్ళీ ఒకసారి. రేకు పచ్చబడి తినేసి ఉంటే మార్చాల్సిందే.

సమస్య: బొమ్మ మీద సంవత్సరం, అమ్మేవాళ్ళు చెప్పేది కలవట్లేదు

ఎక్కువ గొడవలు ఇక్కడే. బొమ్మ మీద ఉండేది కాపీరైట్ సంవత్సరం, తయారైన సంవత్సరం కాదు. ట్రాన్స్‌ఫార్మర్స్ పుట్టింది 1984లోనే అయినా వాటి తొలి అచ్చుల్లో చాలావరకు జపాన్ కంపెనీ టకారా పాత వరసలవి: మైక్రోమాన్ 1974లో, డయాక్లోన్ 1980లో మొదలయ్యాయి. అందుకే కొన్నిటి మీద 1974 అనో 1980 అనో ఉంటుంది. దాన్ని చూపించి ‘యాభై ఏళ్ళ బొమ్మ’ అని అమ్మితే నమ్మకండి.

అలాగే రీ-ఇష్యూలు, అంటే పాత బొమ్మనే మళ్ళీ చేసి అమ్మేవి. లారీగా మారే ట్రాన్స్‌ఫార్మర్ ఆప్టిమస్ ప్రైమ్‌ను 2002లో హాస్‌బ్రో మళ్ళీ విడుదల చేసింది. అమెరికా భద్రతా నిబంధనల కోసం దాని పొగ గొట్టాలు పొట్టి చేశారు. కాబట్టి ‘1984 ఒరిజినల్’ అని చెప్పి పొట్టి గొట్టాలు చూపిస్తే అది వేరే వయసు బొమ్మ. మరి గొట్టాలు పొడుగ్గా ఉన్నంత మాత్రాన ఒరిజినల్ అనుకోవద్దు, జపాన్ రీ-ఇష్యూలకు గొట్టాలు కుదించలేదు.

1985 నుంచి ట్రాన్స్‌ఫార్మర్స్‌కు వేడికి రంగు మారే చదరపు స్టిక్కరు కూడా పెట్టారు. బొటనవేలు ఆనిస్తే కథలో ఆ రోబో ఏ పక్షానిదో చెప్పే గుర్తు కనిపించాలి. మన మే నెల ఎండలో ఆ పరీక్ష చేస్తే ఏం తెలియదు, ఏసీ గదిలో కాసేపు ఉంచి చేయండి. గుర్తు రాకపోతే స్టిక్కరు చచ్చిపోయి ఉండొచ్చు, లేదా కొత్తగా ముద్రించి అంటించింది కావచ్చు.

డబ్బు కట్టేముందు అడగాల్సిన ఫొటోలు

వీపు, అరికాళ్ళు, బ్యాటరీ మూత తీసిన గది, కాపీరైట్ అచ్చు దగ్గర్నుంచి తీసినది. అన్ని విడి భాగాలు ఒకే పేపర్ మీద పరిచిన ఫొటో కూడా. ఆప్టిమస్‌కైతే పిడికిళ్ళు విడిగా వస్తాయి, పోయేది ముందు అవే. నా దగ్గరున్నదానికి ఎడమ పిడికిలి ఇప్పటికీ లేదు.