ఇంటి దగ్గరి ఫ్యాక్టరీ లీగల్ విభాగంలో ఇంటర్న్‌షిప్: నల్గొండ, పాలమూరు లా విద్యార్థులకు

ఇంటర్న్‌షిప్ అనగానే చాలామంది హైదరాబాద్ బస్సెక్కుతారు. దామరచర్ల, మఠంపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీలు, జడ్చర్ల పక్కన పోలేపల్లి సెజ్‌లో ఫార్మా కంపెనీలు మనకు దగ్గరే ఉన్నాయి. వాటి లీగల్ పనిలో మన ప్రాంతపు విద్యార్థికి మొదటిరోజే పనికొచ్చే విద్య ఒకటుంది: పహాణీ (సర్వే నంబరు భూమి ఎవరి పేరున ఉందో, ఎవరి అనుభవంలో ఉందో ఏటా రాసే రెవెన్యూ రికార్డు) చదవడం.

ముందు వారాల లెక్క. బార్ కౌన్సిల్ 2008 నియమాల ప్రకారం మూడేళ్ల కోర్సుకు కనీసం 12 వారాలు, ఐదేళ్ల కోర్సుకు 20 వారాలు చేయాలి. ఏ ఏడాదైనా ఏకధాటిగా నాలుగు వారాలు మించకూడదు. ట్రయల్ (కేసు మొదట విచారించే కోర్టు), అప్పిలేట్ (అప్పీలు కోర్టు) న్యాయవాదుల దగ్గర ఒక్కసారైనా చేసి తీరాలి. అది ముందే పూర్తిచేయండి. వకాలత్ (లాయరుకు కేసు అప్పగించే పత్రం), కౌంటర్ (ఎదుటి పక్షం జవాబు), వాయిదా అంటే తెలియకుండా వెళ్తే కంపెనీ ఫైలు అర్థం కాదు.

దరఖాస్తు రెండు నెలల ముందే పంపాలి. లీగల్ హెడ్ చాలాసార్లు హైదరాబాద్ ఆఫీసులో ఉంటారు, ప్లాంటులో ఒక్క లీగల్ ఆఫీసరే ఉండొచ్చు. అందుకే మెయిల్ లీగల్ హెడ్‌కు, కాపీ ప్లాంటు హెచ్ఆర్‌కు పెట్టండి. కంపెనీ జనరల్ మెయిల్‌కు పంపినవి తరచూ అక్కడే ఆగిపోతాయి. ఒక్క పేజీ బయోడేటా, ప్రిన్సిపాల్ లేఖ, కచ్చితమైన తేదీలు చాలు. తెలుగు రెవెన్యూ రికార్డులు చదవగలరనీ, ఉర్దూ వస్తే ఉర్దూ కూడా చదవగలరనీ రాయండి. పాత రికార్డులున్న చోట అది మార్కుల కంటే ఎక్కువ పనిచేస్తుంది.

ఇక భూమి ఫైలు, అంటే కంపెనీకి సంబంధించిన భూమి ఎవరి నుంచి ఎవరికి ఎలా వచ్చిందో చూసే పని. సర్వే నంబరు పట్టుకుని 1954-55 ఖాస్రా పహాణీ నుంచి మొదలుపెట్టండి. ఏడాదివారీగా పట్టాదారు, అనుభవదారు పేర్లు, విస్తీర్ణం పట్టికలో రాసుకుంటూ రండి. పేరు మారిన ప్రతిచోటా ఆధారం వెతకాలి: రిజిస్టర్డ్ డాక్యుమెంటా, ఫౌతీనా (పట్టాదారు చనిపోతే వారసుల పేరుకు మార్పు), కౌలుదారుకు యాజమాన్య హక్కుగా ఇచ్చిన 38-ఈ సర్టిఫికెటా, ఇనాం భూమికి ఓఆర్‌సీనా (ఆక్యుపెన్సీ హక్కు సర్టిఫికెట్), సాదాబైనామాపై (రిజిస్టర్ కాని తెల్లకాగితం కొనుగోలు) వచ్చిన 13-బి సర్టిఫికెటా? ఆధారం దొరకని మార్పును ఎర్ర రంగులో గుర్తించండి. ఆఫీసరుకు కావాల్సింది ఆ ఎర్ర గళ్లే. ఈసీతో (ఆ భూమిపై జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా), 2025లో ధరణి స్థానంలో వచ్చిన ప్రభుత్వ ఆన్‌లైన్ భూరికార్డు భూభారతితో చివరగా పోల్చండి.

ఇక్కడ అందరూ చేసే తప్పు ఎక్సెల్ కూడిక. పహాణీలో 2.20 అంటే 2 ఎకరాల 20 గుంటలు, అంటే రెండున్నర ఎకరాలు. దానికి 1.30 కలిపితే ఎక్సెల్ 3.50 చూపిస్తుంది. ఎకరాకు 40 గుంటలు కాబట్టి అసలు మొత్తం 4 ఎకరాల 10 గుంటలు. ఎకరాలకు ఒక కాలమ్, గుంటలకు ఇంకో కాలమ్ పెట్టండి.

తర్వాత ఎక్కువగా వచ్చేది డీలర్ల చెక్కు బౌన్స్ కేసులు. బ్యాంకు సమాచారం అందిన 30 రోజుల్లో నోటీసు ఇవ్వాలి. నోటీసు అందుకున్నాక డీలరుకు 15 రోజుల గడువు. అప్పటికీ డబ్బు రాకపోతే నెలలోపు ఫిర్యాదు వేయాలి. చెక్కు చెల్లలేదని బ్యాంకు ఇచ్చే మెమో మీది తేదీ, అది చేతికందిన తేదీ, నోటీసు డెలివరీ అయిన తేదీ వేర్వేరుగా రాయండి. పోస్టాఫీసు ట్రాకింగ్ పేజీని అదేరోజు ప్రింట్ తీయండి, ఆలస్యమైతే వెబ్‌సైట్లో దొరక్కపోవచ్చు.

గోప్యత చాలా ముఖ్యం. కంపెనీలో జీతానికి పనిచేసే లాయరుకు న్యాయవాదికుండే పూర్తి రక్షణ (క్లయింటుతో జరిగిన సంప్రదింపులు బయటపెట్టనక్కర్లేదన్నది) లేదని సుప్రీంకోర్టు 2025 అక్టోబర్ 31న చెప్పింది. మీరు మెయిల్‌లో రాసే ప్రతి అభిప్రాయం రేపు కోర్టు ముందుకు రావచ్చు. ‘మన కేసు బలహీనం’ లాంటి మాట నోటితో చెప్పండి, రాయాలా వద్దా ఆఫీసరును అడగండి. ఫైళ్లను సొంత వాట్సాప్‌లోకి, ఏఐ యాప్‌ల్లోకి ఎక్కించొద్దు. లిస్టెడ్ కంపెనీ అయితే అక్కడ విన్న, ఇంకా బయటకు రాని, షేరు ధరను మార్చగల విషయంతో షేర్లు కొనడం సెబీ నిబంధనల ప్రకారం నేరం.

ప్లాంటు లోపలికి వెళ్లాలంటే సేఫ్టీ బూట్లు, హెల్మెట్ కావాలి, ముందే అడగండి.

రోజూ డైరీలో చేసిన పని రాయండి, కేసు పార్టీల పేర్లు మాత్రం వద్దు. చివరి రోజుకు నాలుగు రోజుల ముందే సర్టిఫికెట్ డ్రాఫ్ట్ మీరే ఇవ్వండి: మొదలైన తేదీ, ముగిసిన తేదీ, చేసిన పని, పర్యవేక్షకుడి హోదా, సంతకం, ముద్ర. తేదీలు లేని సర్టిఫికెట్‌ను కాలేజీ వారాల లెక్కలో వేసుకోకపోవచ్చు.