బేస్ గిటార్ సెటప్ – 3వ పాఠం: నెక్ రిలీఫ్, తీగ బజ్

గత పాఠంలో కొత్త తీగలు వేసి ఇ-ఎ-డి-జి ట్యూనింగ్‌కి తెచ్చాం. ఇక బజ్ (తీగ మీటినప్పుడు వచ్చే జరజర మోత) పని పడదాం. చాలామంది బజ్ వినగానే శాడిళ్లు (బాడీ మీద తీగలు ఆనే చిన్న దిమ్మలు) పైకెత్తేస్తారు. పుండొకచోట, మందొకచోట. ముందు బజ్ ఎక్కడ వస్తోందో పట్టుకోవాలి.

ఒక్కో తీగనూ ఫ్రెట్ (నెక్ మీది అడ్డ లోహపు కమ్మి) తర్వాత ఫ్రెట్‌గా, రోజూ వాయించే బలంతోనే మీటండి. ఏమీ నొక్కకుండా మీటినప్పుడే బజ్ వస్తే నట్ (నెక్ తల దగ్గర తీగలు ఆనే పట్టీ) గాడి లోతైందని అనుమానించాలి. 1 నుంచి 5 ఫ్రెట్ల మధ్యే వస్తే రిలీఫ్ (నెక్‌కి ఉండాల్సిన చిన్న ముందు వంపు) తక్కువ. 12 దాటాకే వస్తే యాక్షన్ (ఫ్రెట్ల మీద తీగల ఎత్తు) మరీ కిందికి ఉండొచ్చు, లేదా నెక్ చివరి ఫ్రెట్లు పైకి లేచి ఉండొచ్చు. ఒక్క ఫ్రెట్ దగ్గరే వస్తే దాని పక్కది (బాడీ వైపుది) ఎత్తుగా ఉన్నట్టు. నెక్‌కి ఏ సంబంధమూ లేని బజ్ కూడా ఉంటుంది: ట్యూనర్ నట్టు, శాడిల్ స్క్రూ వదులైనా అదే మోత. ఆంప్‌లో వినపడనంత సన్నని బజ్‌ని మాత్రం పట్టించుకోనక్కర్లేదు.

34 అంగుళాల స్కేల్ (నట్ నుంచి శాడిల్ దాకా తీగ పొడవు) బేస్‌లో నాలుగు తీగలూ కలిసి నెక్‌ను సుమారు 70–80 కిలోల బలంతో లాగుతాయి. ఆ లాగుడుకి నెక్ ముందుకు వంగుతుంది. లోపలి ట్రస్ రాడ్ (లోహపు కడ్డీ) దాన్ని వెనక్కి పడుతుంది. ఈ రెంటి మధ్య మిగిలే చిన్న వంపే రిలీఫ్. అదసలు ఎందుకంటే, మీటిన తీగ నడుమన వెడల్పుగా ఊగుతుంది, అందులోనూ 41 హెర్ట్జ్ ఇ తీగ మరీను. నెక్ పూర్తిగా తిన్నగా ఉంటే ఆ ఊపుకి చోటు చాలదు.

కొలత ఇలా. గిటార్‌ను వాయించే భంగిమలోనే పట్టుకోండి. బల్లమీద వెల్లకిలా పడుకోబెడితే దాని బరువే కొలతను మారుస్తుంది. 1వ ఫ్రెట్ మీద కేపో (తీగలన్నిటినీ నొక్కి పట్టే క్లిప్) బిగించి, నెక్ బాడీలో కలిసే చోటి ఫ్రెట్ దగ్గర ఇ తీగను నొక్కండి. ఇప్పుడు తీగే మీ స్కేలు. 8వ ఫ్రెట్ తలకీ తీగకీ మధ్య ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలుచని రేకు) దూర్చండి. 0.30 మి.మీ. (0.012 అంగుళాలు) దగ్గర మొదలుపెట్టడం మంచిది. గట్టిగా మీటేవారికి 0.35 హాయి. తీగ ఫ్రెట్‌కి ఆనుకుని సందే లేకపోతే నెక్ తిన్నగా ఉంది, లేదా వెనక్కి వంగింది.

ట్రస్ రాడ్‌ను కీ (ఆలెన్ కీ) పెట్టే వైపు నుంచి చూస్తూ సవ్యదిశలో తిప్పితే బిగుస్తుంది, రిలీఫ్ తగ్గుతుంది. అపసవ్యంగా తిప్పితే వదులై పెరుగుతుంది. మొదటి ఫ్రెట్లలో బజ్ కాబట్టి మన పని చాలాసార్లు వదులు చేయడమే. ఒకసారికి ఎనిమిదో వంతు చుట్టు, మహా అయితే పావు చుట్టు. తిప్పాక మళ్లీ ట్యూన్ చేసి, అప్పుడే కొలవండి. చెక్క మర్నాటికి ఇంకాస్త కదలొచ్చు, అందుకే మర్నాడు ఒకసారి చూడండి. బిగించాల్సి వస్తే ముందు తీగలను కాస్త వదులు చేయండి.

కీ విషయంలో పిసినారితనం వద్దు. 3/16 అంగుళాల ట్రస్ రాడ్ నట్టు అంటే 4.76 మి.మీ. 5 మి.మీ. కీ దూరదు, 4.5 కీ దూరి, లోపలి అంచులను గుండ్రంగా అరగదీసి పోతుంది. అది పాడైతే బాగుచేయడం చాలా ఖరీదైన పని. మామూలు బలానికి కదలకపోతే అక్కడితో ఆపి, చేయి తిరిగిన మెకానిక్‌కి ఇవ్వండి. ఇ వైపు 0.30, జి వైపు సున్నా చూపిస్తే నెక్ మెలిపడినట్టు. మామూలు ట్రస్ రాడ్ దాన్ని సరిచేయలేదు.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి: ట్రస్ రాడ్ యాక్షన్ సరిచేసే స్క్రూ కాదు. రిలీఫ్ 0.30కి వచ్చాక కూడా 12వ ఫ్రెట్ దాటాక బజ్ మిగిలితే రాడ్ జోలికి వెళ్లకండి. ఆ ఫ్రెట్లు, తీగలు రాసిపెట్టుకోండి; 4వ పాఠంలో శాడిల్ ఎత్తు అక్కడి నుంచే మొదలుపెడతాం.